గవరయ్య మాస్టారి చుక్కల పేజీ

సువార్త బడి గేటు దాటి లోపలికి వస్తోందంటే స్టాఫ్‌రూములో మాటలు ఆగిపోయేవి.

ఆమె టీచరు కాదు, ఇన్‌స్పెక్టరూ కాదు. సముద్రం వెంబడి ఉన్న హైస్కూళ్ళకు బస్సుల్లో తిరుగుతూ, మార్కులు ఆన్‌లైన్‌లో ఎక్కించడం, టాబ్లెట్‌లో హాజరు వేయడం, మర్చిపోయిన పాస్‌వర్డు మళ్ళీ పెట్టుకోవడం టీచర్లకు నేర్పుతుంది. అదే ఆమె ఉద్యోగం. పని పడితే "సువార్తమ్మా, ఇదేటో ఎర్రగా అయిపోనాది, ఒకపాలి చూడు" అని ఆప్యాయంగానే పిలిచేవారు. పని అయిపోయి అన్నాల వేళ వస్తే మాత్రం క్యారేజీలు విప్పుకుని గుండ్రంగా కూర్చునేవారు. ఆ గుండ్రంలో ఆమెకు చోటుండేది కాదు. పైవాళ్ళకు తమ గురించి ఏం రాసి పంపుతుందోనని వాళ్ళ అనుమానం. ఆమె వరండా చివర బెంచీ మీద కూర్చుని తన డబ్బా తను తినేసి, సాయంత్రం బస్సెక్కి శ్రీకాకుళంలో తన అద్దెగదికి వెళ్ళిపోయేది. అక్కడ తలుపు తీస్తే పొద్దున తను వదిలిన గ్లాసు వదిలినచోటే ఉండేది.

ఆ ఏడాది బడులు తెరిచాక బోధిని వచ్చింది.

విశాఖపట్నంలోని ఒక పరిశోధనాలయం తయారుచేసిన పరికరం అది. పిల్లల చెవి వెనక అతికించే చింతగింజంత పట్టీ, టీచరు చేతిలో టాబ్లెట్. అంతే. నీలాపేట హైస్కూలు స్టాఫ్‌రూములో సువార్త పెట్టె తెరిచినప్పుడు ఎవరూ ముట్టుకోలేదు. ఆమె హిందీ మేడమ్‌ని బతిమాలి, చెవి వెనక ఒక పట్టీ అతికించింది. టాబ్లెట్ మీద ఒక బూడిదరంగు చుక్క కనిపించింది.

"మేడమ్, ఒక పొడుపు కథ. రోజంతా తిరుగుతుంది, గుమ్మం మాత్రం దాటదు. ఏంటది?"

హిందీ మేడమ్ నవ్వింది. "పిల్లేటి? కాదు, పిల్లి గుమ్మం దాటుతాది" అంటూ ఆలోచనలో పడింది. అందరూ టాబ్లెట్ వైపే చూస్తున్నారు. ఉన్నట్టుండి చుక్క పసుపుపచ్చగా వెలిగింది. ఆ తరవాత మేడమ్ నోరు తెరిచి "ఫ్యాను!" అంది.

నోరు తెరవకముందే చుక్కకు తెలిసిపోయింది.

"ఒక విషయం బోధపడిన క్షణంలో మెదడులో చిన్న కుదుపు పుడుతుందట. పట్టీ దాన్ని పట్టుకుంటుంది" అంది సువార్త. "క్లాసులో మీరు ఏ మాట చెప్పినప్పుడు ఎందరికి వెలిగిందో ఈ పేజీలో ఉంటుంది. పిల్లల మార్కులు వాటంతటవే ఎక్కిపోతాయి. యూనిట్ టెస్టులుండవు."

"అయితే పేపర్లు దిద్దక్కర్లేదేటమ్మా?"

అడిగింది గవరయ్య మాస్టారు. భౌతికశాస్త్రం చెబుతారు. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. భార్య పోయాక బడి వెనక వీధిలోనే గది తీసుకుని, పొద్దున్న అందరికన్నా ముందు వచ్చి, సాయంత్రం వాచ్‌మన్ తాళం తెచ్చేదాకా ప్రయోగశాలలోనే ఉంటారు. బీకరులో టీ కాచుకుంటారు.

"అక్కర్లేదు మాస్టారూ" అంది సువార్త.

"నా జన్మలో ఇంత మంచి మాట వినలేదు. రేపు నా క్లాసులోనే మొదలెట్టు" అన్నారాయన. ఆ బడిలో బోధినికి ఎదురొచ్చి మరీ స్వాగతం చెప్పిన మనిషి ఆయనొక్కరే.

మర్నాడు తొమ్మిదో తరగతిలో పిల్లలంతా చెవిపట్టీలు పెట్టుకుని, ఒకళ్ళ చెవులు ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటున్నారు. గవరయ్య మాస్టారు ఒక గాజుగిన్నెలో నీళ్ళు పోసి, ఇనపమేకు ఒకటి వదిలారు. అది టక్కున అడుక్కి పోయింది.

"చూసినారా? ఇంత మేకు మునిగిపోనాది. మరి విశాఖపట్నం రేవులో వందల లారీల ఇనుముతో కట్టిన ఓడెందుకు తేల్తాది? మేకు చేసిన తప్పేటి, ఓడ చేసిన పుణ్యమేటి?"

పిల్లలు నోళ్ళు తెరిచారు. ఒకడు "మోటారుంటాది మాస్టారూ" అన్నాడు. "మోటారు ఆగిపోతే మునిగిపోతాదా?" అన్నారాయన. ఇంకొకడు "చెక్కుంటాది లోపల" అన్నాడు. మాస్టారు అవుననలేదు, కాదనలేదు. బల్లల మధ్య తిరుగుతూ ప్రతి జవాబులోంచీ ఇంకో ప్రశ్న లాగి, గంట కొట్టేసరికి చాక్‌పీసు బల్ల మీద పెట్టి, "వెళ్ళండి. రేపు చూద్దారి" అని బయటికొచ్చేశారు. ఎప్పుడూ అలాగే చెప్పేవారు. ఆ బడిలో చదివినవాళ్ళు ఆయన పేరు ఎత్తితే చాలు చిన్నగా నవ్వుకునేవారు.

వరండాలో సువార్త చేతిలోంచి టాబ్లెట్ అందుకున్నారు. తరగతి నిండా ఉన్న చుక్కల్లో మూడే వెలిగాయి. ఆ మూడూ మేకు మునిగినప్పుడు వెలిగినవి. మిగతా పీరియడంతా బూడిద.

"మిషను గానీ పాడయిందేటమ్మా?"

ఆమె పట్టీలన్నీ ఒక్కొక్కటీ చూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. పక్క గదిలో హిందీ మేడమ్ పాఠానికి దాదాపు తరగతంతా వెలిగింది.

ఆ వారమంతా అలాగే జరిగింది. శనివారం సాయంత్రం ఆమె ప్రయోగశాల ముందునుంచి వెళుతుంటే ఆయన లోపల ఒక్కరే కూర్చుని ఉన్నారు. ఎదురుగా టాబ్లెట్. ఆరోజు పీరియడు మళ్ళీ మొదటినుంచీ చూసుకుంటున్నారు. ఆయన గొంతు టాబ్లెట్‌లోంచి హుషారుగా ప్రశ్నలడుగుతోంది. చుక్కలు వెలగడం లేదు.

ఆమెను చూసి తలెత్తారు. "ఇన్నేళ్ళూ నాను గోడకి చెప్పీనానేటమ్మా?"

సువార్త లోపలికి వచ్చి, టాబ్లెట్‌లోని గొంతును ఆపేసింది.

*

పరిశోధనాలయం విశాఖలో ఒక కొండవాలు మీద ఉండేది. నెలకోసారి సువార్త లాంటివాళ్ళంతా అక్కడికి వెళ్ళి బడుల సంగతులు చెప్పాలి. బోధినిని కనిపెట్టిన డాక్టర్ ఇందుశేఖర్ ఒక్కొక్కరితోనూ విడిగా మాట్లాడేవాడు.

"సర్, బోధపడ్డం ఆలస్యంగా జరగొచ్చా? క్లాసు అయిపోయాక?" అని అడిగింది.

ఆయన కోప్పడలేదు. అద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకో తమ్ముడుండేవాడు, సువార్తగారూ. క్లాసులో అందరికన్నా బాగా తల ఊపేవాడు. టీచర్లందరికీ వాడంటే ఇష్టం. పదో తరగతి తప్పాక తెలిసింది, వాడికి ఆరో తరగతి నుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదని. ఇంట్లోంచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తల ఊపడాన్ని నమ్మకూడదనే ఇది చేశాను."

అద్దాలు పెట్టుకుని, "ఆలస్యంగా జరగొచ్చేమో. కానీ బడి బయట జరిగినదాన్ని ఏ టీచరు పేరు మీద వేస్తాం? పీరియడు దాటాక వెలిగే చుక్కను పేజీ దాచుకోదు. దాచుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు" అన్నాడు.

ఆ నెలాఖరుకే ఉత్తర్వు వచ్చింది. చుక్కలు బాగా తక్కువున్న టీచర్లకు సహాయ శిక్షణ ఇస్తారు. అప్పటికీ మారకపోతే తరగతి నుంచి తప్పించి డివిజను ఆఫీసులో వేరే పని చూపిస్తారు. నీలాపేట బడి నుంచి ఒక్క పేరే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ కనకరత్నంగారు ఆ కాగితం మాస్టారి చేతికివ్వలేక సువార్తకిచ్చి, "నువ్వే చెప్పమ్మా. నాకు పాఠం చెప్పిన గురువాయన" అని కళ్ళు దించుకుంది.

ఆయనకు నేర్పే పని సువార్తకే పడింది.

రోజూ బడి అయ్యాక ప్రయోగశాలలో కూర్చునేవారు. ఆయన బీకరులో టీ కాచి, స్టీలు గ్లాసులో పోసి ముందు ఆమెకిచ్చేవారు. నేర్పడం మొదలుపెట్టిన రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం ఆమె బెంచీ మీద ఒంటరిగా తినడం చూసి, తన క్యారేజీ పట్టుకొచ్చి పక్కన కూర్చున్నారు. "మా ఆవిడ పోయాక నాకు వంకాయ తప్ప ఇంకోటి ఒండడం రాదు. ఏటనుకోకు" అంటూ సగం కూర ఆమె డబ్బాలో వేశారు. ఆ కూరలో ఉప్పెక్కువైంది. సువార్త మెతుకు మిగల్చకుండా తింది. ఉద్యోగంలో చేరాక ఇంకొకరి పక్కన కూర్చుని తినడం అదే మొదలు.

ఆయన మంచి విద్యార్థి. ఆమె చెప్పిందల్లా శ్రద్ధగా విన్నారు.

"పొడుగు మాటను ముక్కలు చేయండి మాస్టారూ. ఒక ముక్క చెప్పి చుక్కలు చూడండి. సగం వెలిగాక రెండోది. ఇదిగో, ఇక్కడ చూడండి, మీరు ప్రశ్న వేసిన ప్రతిసారీ అన్నీ ఆరిపోతున్నాయి."

"అయితే ప్రశ్న అడగొద్దంతావా?"

"అడగండి. అడిగి వెంటనే జవాబు చెప్పేయండి. మీరు పిల్లల్ని చీకట్లో వదిలేసి వెళ్ళిపోతున్నారు."

ఆయన టాబ్లెట్‌ని దగ్గరికి లాక్కుని ఆరిన చుక్కల్ని మళ్ళీ చూశారు. తరవాత "నువ్వన్నది నిజమేనేమో" అన్నారు.

శీతాకాలం వచ్చేసరికి గవరయ్య మాస్టారి పేజీ నిండా పసుపుచుక్కలే. పాఠం ఎలా చెప్పాలో ఆయన కొత్తగా నేర్చుకున్నారు. ఒక మాట చెప్పి టాబ్లెట్ చూసేవారు; వెలిగితే ఇంకో మాట. బల్లల మధ్య తిరగడం మానేశారు. టాబ్లెట్ బల్ల దగ్గరే నిలబడేవారు. డివిజనులో మొదటి అయిదుగురిలో ఆయన పేరు వచ్చిందని కనకరత్నంగారు స్వీట్లు పంచింది. సువార్తకు కూడా పైనుంచి మెచ్చుకోలు వచ్చింది. ఆ రోజు ఆమె తనంతట తానుగా స్టాఫ్‌రూములోకి వెళ్ళి కూర్చుంది. ఎవరూ ముఖం తిప్పుకోలేదు.

*

ఒక సాయంత్రం బస్సు కోసం బీచ్‌రోడ్డు మలుపులో నిలబడి, ఆమె టాబ్లెట్‌లో పట్టీల లెక్క చూసుకుంటోంది. తొమ్మిదో తరగతి పట్టీ ఒకటి పెట్టెలోకి తిరిగి రాలేదు. రోజా అనే పిల్లది. తండ్రి బోటు మీద పనిచేస్తాడు; ఇల్లు ఆ రోడ్డు పక్కనే. బస్సు ఎలాగూ ఆలస్యమని ఆమె అటు నడిచింది.

సగం దూరం వెళ్ళేసరికి చేతిలోని టాబ్లెట్ మీద ఒక చుక్క వెలిగింది.

ఆమె ఆగిపోయింది. బడి మూసేసి చాలాసేపయింది. పేజీ అంతా ఖాళీగా ఉంది. మధ్యలో ఆ ఒక్క చుక్క. తరగతిలో చుక్క మిణుగురులా మెరిసి ఆరిపోతుంది. ఇది ఆరలేదు. పసుపు దాటి తెల్లబడింది. ఆమె వీధి దాటి, వలలు ఆరేసిన దడి పక్కనుంచి తిరిగి, ఇంటి వెనక నీళ్ళ గాబు దగ్గరికి వచ్చేదాకా వెలుగుతూనే ఉంది.

రోజా గాబు ముందు గొంతుక్కూర్చుని, చేతిలో స్టీలు గిన్నె పట్టుకుని నీళ్ళలోకి చూస్తోంది. అంట్లన్నీ పక్కన పడి ఉన్నాయి. సువార్తను చూసి ఉలిక్కిపడి చెవి మీద చెయ్యి వేసుకుంది.

"దొంగతనం చెయ్యలేదండి మేడమ్! తియ్యడం మర్చిపోనాను."

"అది కాదమ్మా. భయపడకు. ఇప్పుడు... ఇప్పుడే ఏమనుకున్నావు నువ్వు?"

రోజాకు అర్థం కాలేదు. గిన్నె వైపు చూసింది.

"ఇది తేల్తన్నాదండి. ఇలగ పెడితే తేల్తన్నాది. ఇలగ వంచీసి నీళ్ళెక్కనిస్తే మునిగిపోతన్నాది. రెండుపాలులూ ఇదే గిన్నండి." ఆ పిల్ల మాట వేగం అందుకుంది. "అప్పుడెప్పుడో మాస్టారు అడిగినారు కదండి, మేకు మునిగిపోనాది, ఓడెందుకు తేల్తాదని. గిన్నె తేలినప్పుడు బోలెడు నీళ్ళని పక్కకి తోసీస్తన్నాదండి. నీళ్ళేమో దాన్ని తిరిగి తోస్తన్నాయి. మేకు సన్నం కదండి, ఎన్ని నీళ్ళని తోస్తాది? ఓడకి పొట్టుంటాది. ఆ పొట్టేనండి!"

"కానీ మాస్టారు ఈ పాఠం తరవాత చెప్పారు కదా? అప్పుడు నీ చుక్క వెలిగింది కూడా."

"అవునండి, ఎలిగింది. వస్తువు తొలగించిన ద్రవం బరువు అని." పుస్తకంలోని మాట అప్పజెప్పి, రోజా గిన్నెను నీళ్ళలోకి నెట్టి వదిలింది. "అదీ ఇదీ ఒకటేనని ఇప్పుడే తెలిసిందండి."

సువార్త గాబు గట్టు మీద కూర్చుండిపోయింది.

"ఇప్పుడు అలాంటివి అడుగుతున్నారా మాస్టారు?"

"ఇప్పుడా? అడిగినా ఆయనే చెప్పీస్తన్నారు కదండి" అంది రోజా, మరో గిన్నె అందుకుంటూ. "ముందరయితే ఇంటికొచ్చినా బుర్రలో దొలిచేసేది. అమ్మ కూడా తిట్టేది, ఏటలగ ఉండిపోతావని. ఇప్పుడు బాగుందండి. ఏటీ దొలవదు."

*

పట్టీని రుమాలులో చుట్టుకుని ఆమె విశాఖ వెళ్ళింది. దారంతా ఎలా చెప్పాలో అనుకుంటూనే ఉంది.

"సర్, బడి అయ్యాక ఒక చుక్క వెలిగింది. ఎప్పుడో వేసిన ప్రశ్నకి. క్లాసులో ఎప్పుడూ చూడనంత సేపు."

ఇందుశేఖర్ కుర్చీలోంచి లేచాడు. ఆయన మొహంలో ఓటమి కనిపిస్తుందని ఆమె అనుకుంది. చిన్నపిల్లాడి సంబరం కనిపించింది.

"ఎంతసేపు? రంగు మారిందా? తెల్లబడిందా?" గదిలో అటూఇటూ తిరిగాడు. "అయితే మనం సగమే చూస్తున్నామన్నమాట. పట్టీలు ఇళ్ళకు పంపిద్దాం. పగలూ రాత్రీ ఉంచుకోవాలి. అన్నం తినేటప్పుడు, ఆడుకునేటప్పుడు, నిద్రలో కూడా. ఏ చుక్క ఏ టీచరు అన్న ఏ మాట వల్ల వెలిగిందో వెనక్కి వెతుకుతూ వెళదాం. ఆ మార్కులు కూడా పేజీలో ఎక్కిద్దాం. మీ గవరయ్యగారికే మొదటి పేరు రావచ్చు!"

సువార్త కళ్ళ ముందు గాబు దగ్గర గొంతుక్కూర్చున్న పిల్ల కదిలింది. ఆ పిల్ల అలా ఊరికే నీళ్ళలోకి చూస్తూ ఉండగా, టాబ్లెట్ పట్టుకుని ఎక్కడో ఒకరు "ఇంకా వెలగలేదేం" అని ఎదురుచూస్తుంటారు. వెలగడానికి ఏం చేయాలో టీచర్లకు నేర్పమని తననే పంపుతారు. తను నేర్పుతుంది కూడా.

"ఆ పట్టీ ఇలా ఇవ్వండి, వెలిగిన గుర్తు దానిలో ఉండిపోయి ఉంటుంది" అని ఇందుశేఖర్ చెయ్యి చాపాడు.

"లేదు సర్. ఆ పిల్ల చేతిలోంచి సముద్రంలో పడిపోయింది."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మీరు సరిగ్గా చూశారా? టాబ్లెట్ లోపం కాదు కదా?"

"అయ్యుండొచ్చు సర్."

సాయంత్రం శ్రీకాకుళంలో దిగకుండా, ఆ బస్సులోనే సముద్రం దాకా వెళ్ళింది. అలల దగ్గర నిలబడి, రుమాలు విప్పి పట్టీని విసిరేసింది. పట్టీ ఎంత చిన్నదంటే నీళ్ళలో పడిన చప్పుడు కూడా వినపడలేదు.

గవరయ్య మాస్టారికి మాత్రం రోజా చుక్క సంగతి చెప్పింది. ఆయన టీ పొయ్యడం ఆపి విన్నారు.

"ఓడ ప్రశ్నా? ఎప్పుడడిగినానమ్మా?"

"జూన్‌లో. మొదటి రోజు."

ఆయన గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించారు. గుర్తు రాలేదు. బీకరు కింద మంట ఆర్పేసి, "రేపొకటి అడిగి చూస్తాను" అన్నారు.

మర్నాడు ఒక అద్దం పట్టుకుని తరగతికి వెళ్ళారు. సువార్త చివరి బల్ల మీద కూర్చుంది.

"అద్దంలో చూసుకుంటే మన కుడిచెయ్యి ఎడమచెయ్యి అయిపోతాది కదా. మరి తల కిందకీ కాళ్ళు పైకీ ఎందుకు అయిపోవు? అద్దానికి కుడి ఎడమలే తెలుసేటి? కిందా మీదా తెల్దేటి?"

చుక్కలన్నీ బూడిదరంగులోకి మారాయి. ఆయన టాబ్లెట్‌ని బోర్లించారు. పిల్లలు ఎదురుచూశారు. జూన్‌లోలాగా ఎవరూ చేతులెత్తలేదు. కాసేపటికి ముందు బల్లలోంచి ఒకడు "ఆన్సరు చెప్పీండి మాస్టారూ" అన్నాడు. "మీరు ఆలోచించండి" అన్నారాయన. "చెప్పీండి మాస్టారూ" అని ఇంకో గొంతు. మరికొన్ని గొంతులు. వాళ్ళ తప్పేమీ లేదు. జవాబు వెంటనే వస్తుందని ఇన్ని నెలలూ ఆయనే అలవాటు చేశారు.

ఆయన నుదురు తుడుచుకున్నారు. చెయ్యి తనంతట తానే వెళ్ళి టాబ్లెట్‌ని తిప్పింది. నిండా బూడిద.

"మరేటంటే... మన కళ్ళు పక్కపక్కనున్నాయి కదా" అనేశారు. "కిందా మీదా లేవు. అందుకనే కుడి ఎడమలే మారతాయి."

"ఆఁ!" అంది తరగతి ఒక్క గొంతుతో. చుక్కలు ఒక్కసారిగా వెలిగాయి. అన్నీ. ఒక్కటీ మిగల్లేదు. ఆయన పేజీలో అంతవరకూ అలా ఎప్పుడూ జరగలేదు.

వరండాలోకి వచ్చి ఆయన స్తంభం పట్టుకుని నిలబడ్డారు.

"నాను చెప్పింది తప్పమ్మా."

"ఏది మాస్టారూ?"

"కళ్ళ సంగతి. పూర్తిగా తప్పు. ఒక కన్ను మూసుకుని చూసినా అద్దంలో అలాగే ఉంటాది. నోటికొచ్చింది అనీసాను, వాళ్ళు చూస్తుంటే ఉండలేక. అయినా అన్నీ ఎలిగాయి చూసినావా?" ఆమె వైపు తిరిగారు. "మీ మిషను అబద్ధం చెప్పదమ్మా. హమ్మయ్య అనుకున్నప్పుడు ఎలుగుతాది. నిజానికీ ఎలుగుతాది, అబద్ధానికీ ఎలుగుతాది."

ఆ మధ్యాహ్నం మళ్ళీ అదే తరగతికి వెళ్ళి, తను చెప్పింది తప్పని పిల్లలకు చెప్పారు. మరి సరైనది ఏమిటని అడిగితే చెప్పలేదు. ఈసారి ఒక్క చుక్కా వెలగలేదు.

ఆ రోజు నుంచి ఆయన టాబ్లెట్ వైపు చూడలేదు. సువార్త రెండుసార్లు చెప్పింది, రోజూ కొంతసేపైనా చుక్కల కోసం చెప్పండి, మిగతాది మీ ఇష్టం వచ్చినట్టు చెప్పుకోండని. "నావల్ల కాదమ్మా. ఒకపాలి చూసానంటే మళ్ళీ చూస్తానే ఉంటాను. తాగుడు లాంటిదది" అన్నారు. పేజీ వారం వారం కిందికి జారింది. కనకరత్నంగారు ఆయన గదికి వెళ్ళి ఏడ్చినంత పని చేసింది. డివిజను ఆఫీసు నుంచి రెండో ఉత్తర్వు వచ్చింది. సోమవారం నుంచి ఆయన తరగతి చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకాల గోడౌనులో పని. ఆఖరి పీరియడు పేజీని ముగించి, ఆయన లాగిన్ తొలగించమని సువార్తకు వేరే సూచన.

తన రుమాలులో ఒకప్పుడు ఉన్న ఆ చింతగింజంత పట్టీని ఇందుశేఖర్ చేతికిచ్చి ఉంటే ఈ ఉత్తర్వు వచ్చేది కాదని ఆమెకు తెలుసు. మాస్టారితో ఆ సంగతి కూడా చెప్పేసింది. ఆయన "మంచి పని చేసినావు" అన్నారు. "పిల్లగుంటల్ని ఇంటి దగ్గరైనా వాళ్ళ మానాన ఉండనివ్వాలి."

*

ఆఖరి పీరియడుకు ఆయన ఏమీ పట్టుకురాలేదు. కిటికీలన్నీ తెరిపించారు. మధ్యాహ్నపు గాలి సముద్రం మీంచి తోసుకొచ్చి పుస్తకాల కాగితాలు రెపరెపలాడాయి.

"ఈ గాలి ఎటునుంచొస్తన్నాది?"

"సముద్రం కాడ్నుంచి మాస్టారూ!" ఇది అందరికీ తెలుసు.

"మీ నాన్నలు తెల్లారగట్ల వేటకెళ్ళేటప్పుడు?"

"ఊర్లోంచి సముద్రం మీదకెళ్తాది. అందుకే తెరచాప కట్టేవోరు."

"అదే గాలి, అదే ఊరు, అదే సముద్రం. పొద్దున్నొక దిక్కు, మధ్యాహ్నానికి ఇంకో దిక్కు. మరి దాన్ని తిప్పేదెవరు?"

చుక్కలు బూడిదరంగులోకి మారాయి. పిల్లలు గుసగుసలాడారు, ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. "చెప్పీండి మాస్టారూ" అన్నారెవరో. ఆయన నవ్వి, కిటికీ దగ్గరికి వెళ్ళి బయటికి చూస్తూ నిలబడ్డారు. కొంతసేపటికి అడిగే గొంతులు ఆగిపోయాయి. సువార్త ఒళ్ళో టాబ్లెట్ ఉంది. ఒక్క చుక్కా కదల్లేదు. గంట కొట్టేదాకా ఆ గదిలో గాలి తప్ప ఇంకేమీ మాట్లాడలేదు.

"వెళ్ళండి" అన్నారు గవరయ్య మాస్టారు. ఈసారి రేపు చూద్దారి అనలేదు.

సువార్త గుమ్మంలో నిలబడి, బయటికి వెళ్ళే ప్రతి ఒక్కరి చెవి వెనకనుంచీ పట్టీని తన చేత్తోనే తీసింది. ఒక్కటీ మర్చిపోలేదు. రోజా తనంతట తానే జుట్టు పక్కకి తీసి తల వంచింది. పట్టీ తీశాక కూడా కదలకుండా, వరండా అవతల కదులుతున్న కొబ్బరాకుల వైపు చూస్తూ నిలబడితే, వెనకవాళ్ళు తోశారు.

అందరూ వెళ్ళాక పెట్టె మూసి, ఆమె పేజీని ముగించింది. ఆ పీరియడుకు ఎదురుగా సున్నా పడింది. తరవాత ఆయన లాగిన్ తొలగించింది. నిజంగా తొలగించాలా అని టాబ్లెట్ రెండుసార్లు అడిగింది.

"ఏమైనా ఎలిగిందేటమ్మా?" ఆయన కిటికీ దగ్గర్నుంచే అడిగారు.

"లేదు మాస్టారూ."

ఆయన తల ఆడించారు. కిటికీలు ఒక్కొక్కటీ మూసి గడియలు పెట్టారు. ప్రయోగశాల వైపు వెళ్ళలేదు. గేటు దాకా ఆమెతో కలిసి నడిచి, వెనక వీధిలోకి తిరిగారు. ఆ వీధిలో ఆయన కోసం ఎదురుచూసే వాళ్ళెవరూ లేరు. ఆయన వీపు మలుపు దాటేదాకా ఆమె గేటు దగ్గరే నిలబడింది.

బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. బీచ్‌రోడ్డు వెంబడి తొమ్మిదో తరగతి పిల్లలు గుంపులుగా, ఒంటరిగా ఇళ్ళకు పోతున్నారు. కొందరు ఆడుకుంటున్నారు. ఇద్దరు దేనిగురించో వాదించుకుంటున్నారు. ఒకడు చెప్పులు చేత్తో పట్టుకుని ఇసకలోకి దిగి, కాళ్ళు కాలి, గబగబా నీళ్ళలోకి పరుగెత్తి, అక్కడ ఆగిపోయి, ఒకసారి వెనక ఇసకనీ ఒకసారి నీళ్ళలో ఉన్న తన కాళ్ళనీ చూసుకుంటున్నాడు. బస్సు మలుపు తిరిగింది. వాడు తరవాత ఏం చేశాడో ఆమెకు కనిపించలేదు. ఒళ్ళో పెట్టెలో పట్టీలన్నీ చీకట్లో పడున్నాయి. ఆ సాయంత్రం నీలాపేటలో ఎవరికి, ఏ గాబు దగ్గర, ఏ వల పక్కన ఏం వెలిగిందో చూసేవాళ్ళు ఒక్కరూ లేరు.